గ్రూప్ అడ్మిన్ వాట్సాప్ హ్యాక్ అయింది, దాంట్లోంచి పెన్న మీది డ్యామ్ "సోమశిల తెగింది" అని వీడియో పెట్టారు. ముందు ఏం చెయ్యాలి?

గుంటలకాడ (ఇందుకూరుపేట)
మా రొయ్యల రైతుల గ్రూపులో 400 మంది దాకా ఉండారు, ముగ్గురు అడ్మిన్లు. వాళ్లలో ఒకాయన నంబరు రాత్రి ఎవడో లాగేసుకున్నాడు. ముందు "అర్జెంటుగా 15 వేలు ఫోన్‌పే చెయ్, పొద్దున ఇచ్చేస్తా" అని కొందరికి విడివిడిగా మెసేజీలు. తెల్లారేసరికి గ్రూపులో కట్ట కొట్టుకుపోయే వీడియో, దాని కింద "సోమశిల తెగింది, గంటలో 20 టీఎంసీలు వచ్చేస్తాయి, పెన్న ఒడ్డు ఖాళీ చెయ్యండి" అని. 100 కౌంట్ (కిలోకి 100 రొయ్యలు) కూడా రాని గుంటలు పట్టేస్తామని వలల వాళ్లకి ఫోన్లు కొడతా ఉండారు. ఆయన ఫోన్లో వాట్సాప్ తెరిస్తే మళ్లీ నంబరు కొట్టమంటోంది. కోడ్ ఎవరికీ చెప్పలేదంట. పెళ్లి శుభలేఖ అని వచ్చిన ఫైల్ ఒకటి మాత్రం తెరిచాడంట. అకౌంట్ ఎట్ట తెచ్చుకోవాలి, ఈ పుకారు ఎట్ట ఆపాలి?

సెల్ రిపేరు, కోవూరు
ఆ శుభలేఖే దొంగ అన్నా. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే అది కార్డు కాదు, యాప్. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడుగుతుంది, మనవాళ్లు చూడకుండా సరే సరే అని నొక్కేస్తారు. ఇంక వాట్సాప్ కోడ్ ఫోన్‌కి రాగానే వాడికీ పోతుంది. ఆయన ఎవరికీ చెప్పలేదనేది నిజమే.

అందుకే ఆ ఫోన్లోనే మళ్లీ లాగిన్ అయితే లాభం లేదు, కొత్త కోడ్ కూడా వాడే చదివేస్తాడు. ముందు డేటా, వైఫై ఆపండి. సిమ్ తీసి కీప్యాడ్ ఫోన్లో వెయ్యండి. ఇంట్లో ఇంకో మంచి స్మార్ట్ ఫోన్లో వాట్సాప్ పెట్టి ఆయన నంబరు కొట్టండి. ఆరంకెల కోడ్ కీప్యాడ్ ఫోన్‌కి వస్తుంది, చూసి ఇందులో ఎక్కించండి. ఆ క్షణమే వాడు బయటికి పోతాడు. తర్వాత సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి, తెలియనివి ఏమున్నా లాగౌట్ కొట్టండి.

కోడ్ రాకుండా గంటల లెక్కన ఆగమని చూపిస్తే కంగారుపడి మళ్లీ మళ్లీ నొక్కొద్దు. వాడు కావాలనే తప్పు కోడ్లు కొట్టి ఉంటాడు, నొక్కేకొద్దీ టైమ్ ఇంకా పెరుగుతుంది.

కాల్ ఫార్వర్డింగ్ కూడా చూడండి. వాట్సాప్ కోడ్ ఫోన్ కాల్లో కూడా చెప్తుంది, ఆ కాల్ వాడికి మళ్లితే అంతే సంగతులు. *#21# కొడితే తెలుస్తుంది, ##002# కొడితే అన్నీ రద్దవుతాయి. 2024 ఏప్రిల్ 15 నుంచి ఇట్టాంటి కోడ్లతో నడిచే ఫార్వర్డింగ్ సౌకర్యాన్నే ఆపమని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది, కాబట్టి పని చెయ్యకపోతే కాల్ సెట్టింగ్స్‌లోకి పోయి చూడండి.

పాత ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యాల్సిందే. ఫోటోలు ముందు తీసుకోండి. బ్యాంకు యాప్ పిన్‌లు వేరే ఫోన్ నుంచే మార్చాలి.

గుంటలకాడ
కోడ్ కొట్టినాం. ఇప్పుడు ఇంకో ఆరంకెల పిన్ అడగతా ఉంది, మేము పెట్టింది కాదు.

సెల్ రిపేరు, కోవూరు
వాడు టూ స్టెప్ పిన్ (కోడ్ తర్వాత అడిగే రెండో తాళం) పెట్టేశాడు. 7 రోజులు ఆగితే పిన్ లేకుండానే తెరుచుకుంటుంది. ఈ లోపల వాడూ వాడలేడు, మీ ఎస్సెమ్మెస్ కోడ్‌తోనే వాడి సెషన్ తెగిపోయింది. తెరుచుకున్నాక మీరే పిన్ పెట్టి, ఈమెయిల్ కూడా ఇవ్వండి. ఈమెయిల్ లేక చాలామంది తమ పిన్ తామే మరిచి ఇరుక్కుంటారు.

ఇంకోటి. వాడు పెట్టిన మెసేజీలు ఆయన ఫోన్లో కనపడవు, ఆయన తుడవలేడు. మిగతా అడ్మిన్లు గ్రూపులోనే ఆ వీడియో మీద వేలు నొక్కి పట్టుకుని అందరికీ డిలీట్ చెయ్యాలి. ఆయన్ని అడ్మిన్‌గా తీసేసి, అడ్మిన్లే మెసేజ్ పెట్టేటట్టు సెట్టింగ్ మార్చండి. తుడిచే ముందు టైమ్ కనపడేటట్టు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

పెన్న లెక్కలు
"నమ్మొద్దు" అని పెడితే ఎవరూ నమ్మరు, అంకె చూపించాలి. వాడి అంకెతోనే వాణ్ని పట్టొచ్చు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. గంటలో 20 టీఎంసీలంటే దాదాపు 55 లక్షల క్యూసెక్కులు. 2021 నవంబర్లో నెల్లూరు పక్కన పడుగుపాడు కాడ రైలు పట్టాలు లేచిపోయి, నేషనల్ హైవే ఆగిపోయిన వరదలోనే సోమశిల నుంచి వదిలింది 5 లక్షల చిల్లర. దానికి పది రెట్లు అంటున్నాడు, లెక్క తెలియనోడు.

రెండోది, సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు. కట్ట తెగితే నిల్వ గంట గంటకీ పడిపోవాలి. జలవనరుల శాఖ వెబ్‌సైట్లో నిల్వ, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో చూసి, టైమ్ కనపడేటట్టు స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టండి. రెండు గంటల తర్వాత ఇంకోటి పెట్టండి. రెండో దానికే జనం చల్లబడతారు.

వీడియో ఆపి, కట్టా కొండా బాగా కనిపించే చోట ఒక ఫ్రేమ్ గూగుల్ లెన్స్‌లో వేసి వెతకండి. ఇట్టాంటివి ఎక్కువగా 2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద తెగిన అన్నమయ్య ప్రాజెక్టువో, గుండ్లకమ్మ గేటు కొట్టుకుపోయినప్పటివో ఉంటాయి. మెసేజీ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది ఐదు చేతులో అంతకన్నా ఎక్కువో మారి వచ్చిందని అర్థం.

అనుమానం తీరకపోతే విపత్తుల సంస్థ నంబర్లు 112, 1070 ఉండాయి. గుంటలు మాత్రం ఈ మెసేజీ చూసి పట్టొద్దు. అందరూ ఒకే రోజు పడితే కొనేవాడు చెప్పిందే రేటు.

ఒంగోలు, సైబర్ కేసులు
డబ్బు పంపినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. యూపీఐలో వచ్చిన 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు, అవతలి యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకోండి. డబ్బు ఇంకో ఖాతాలోకి జారక ముందే అయితే బ్యాంకు ఆపగలదు, గంటలు గడిచేకొద్దీ కష్టం.

డబ్బు పోకపోయినా అడ్మిన్ ఈ రోజే సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాలి. ఎందుకంటే పుకారు ఆయన నంబరు నుంచి వచ్చింది, పోలీసులు ముందు అడిగేది ఆయన్నే. విపత్తు నిర్వహణ చట్టం 2005, సెక్షన్ 54 ప్రకారం భయం పుట్టించే తప్పుడు హెచ్చరిక ప్రచారం చేస్తే ఏడాది దాకా జైలు లేదా జరిమానా. ఫిర్యాదులో నంబరు చేజారిన టైమ్, వీడియో వచ్చిన టైమ్ రెండూ రాయండి. చేజారింది ముందు, వీడియో తర్వాత అని అక్కడే తేలుతుంది. వేరొకరి గుర్తింపు వాడినందుకు ఐటీ చట్టం 66సీ, మోసానికి 66డీ, ఈ రెండూ ఫిర్యాదులో ఉండేటట్టు చూసుకోండి.

ఆ వీడియో ఇంకో గ్రూపుకి పంపినవాళ్లకి కూడా ఈ 54 సంగతి చెప్పండి. వాళ్ల నంబర్లు హ్యాక్ కాలేదు కదా.

గుంటలకాడ
నిల్వ స్క్రీన్‌షాట్ పెట్టినాం. వలల వాళ్లని వెనక్కి పంపించారు. ముగ్గురు వీడియో ముందుకి పంపినారంట, వాళ్ల చేతే ఆ గ్రూపుల్లో కూడా తీయిస్తా ఉండాం.