మూతి నుంచి దట్టించే రైఫిల్: ఏ క్యాలిబర్, ఏ లాక్, ఏ ట్విస్ట్ తీసుకోవాలి?

కూకట్‌పల్లి_గురి:
గచ్చిబౌలి రేంజ్‌లో ఎయిర్ రైఫిల్ కాలుస్తాను. మందు, సీసపు గుండు మూతి నుంచి దట్టించి కాల్చే పాత తరహా రైఫిల్ మీద మనసు పడింది. వేట ఉద్దేశం అసలు లేదు, 50 మీటర్ల కాగితం టార్గెట్‌కే. క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వ్యాసం, .45 అంగుళం మంచిదా, .50 మంచిదా? మందు అంటించే లాక్ చెకుముకి రాయిదా, లేక సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు క్యాప్‌దా? 1:48, 1:66 అని ట్విస్ట్ (గొట్టం లోపలి గాడుల మెలిక) లెక్కలు చెబుతుంటారు, అది గురి మీద ఎంత ప్రభావం చూపిస్తుంది? శంకర్‌పల్లి వైపు మాకు కాస్త పొలం ఉంది, అక్కడ కాల్చుకోవచ్చా? లైసెన్సుకు దరఖాస్తు పెట్టేముందే ఇవన్నీ తేల్చుకోవాలని అడుగుతున్నాను.

మల్కాజిగిరి_రేంజ్:
ముందు చివరి ప్రశ్న సంగతి. పొలంలో కాల్చొద్దండీ. సొంత భూమి అయినంత మాత్రాన అది రేంజ్ అయిపోదు. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

4.5 మిల్లీమీటర్ల లోపు, 20 జౌళ్ల లోపు ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు కదా అని దీన్నీ అలాగే అనుకోకండి. ఎంత పాత తరహాదైనా, కాలే స్థితిలో ఉంటే ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాల్సిందే. పోలీస్ కమిషనరేట్ పరిధిలో ఉంటే కమిషనరేట్‌లో దరఖాస్తు పెట్టాలి, అది లేని చోట కలెక్టర్‌కు. ఇప్పుడు లైసెన్సు ఐదేళ్లకు ఇస్తారు. మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. మందు, క్యాప్‌లు కూడా లైసెన్సులో రాసిన మేరకే కొనాలి.

అసలు చిక్కు ఇంకొకటి. లైసెన్సులో ఆయుధం రకం రాసి ఉంటుంది. మన డీలర్ల దగ్గర ఎస్‌బీఎంఎల్ (మూతి నుంచి దట్టించే ఒంటి గొట్టం తుపాకీ) పేరుతో దొరికేవి ఎక్కువగా నున్నటి గొట్టం తుపాకులే, లోపల గాడులు ఉండవు. మీకు కావాల్సింది గాడులున్న రైఫిల్. విదేశం నుంచి నేరుగా తెప్పించుకునే వీలు సామాన్య లైసెన్సుదారుకు లేదు. కాబట్టి దరఖాస్తులో ఏం రాయాలో ముందే డీలర్‌తో మాట్లాడి, దేశంలో చట్టబద్ధంగా అమ్మకానికి ఏముందో చూసుకున్నాకే రాయండి.

సీసపు_గుండు:
చట్టం సంగతి పైన చెప్పేశారు, నేను రైఫిల్ దగ్గరికి వస్తాను. క్యాలిబర్ కన్నా ముందు ట్విస్ట్ తేల్చుకోండి. 1:66 అంటే గుండు 66 అంగుళాలు ప్రయాణించాక ఒక చుట్టు తిరుగుతుంది. గుండ్రటి గుండు ఎటు తిప్పినా ఒకటే ఆకారం, అందుకే దానికి కొద్దిపాటి తిప్పుడు చాలు. పొడవాటి కోను గుండుకు వేగంగా తిప్పే 1:28 లాంటివి కావాలి. అలాంటి బ్యారెల్‌లో గుడ్డ చుట్టిన గుండ్రటి గుండు పెట్టి మందు పెంచితే, గుడ్డ గాడులను పట్టుకోలేక జారిపోతుంది, గురి చెదురుతుంది. మీరు కాల్చేది గుండ్రటి గుండే అయితే 1:60 నుంచి 1:70 మధ్య తీసుకోండి. 1:48 మధ్యస్థం, తక్కువ మందుతో గుండ్రటిది కూడా బాగానే పోతుంది.

.45కి .440 గుండు, బరువు సుమారు 128 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము). .50కి .490 గుండు, 177 గ్రెయిన్లు. 50 మీటర్లకు .45 చాలు. సీసం, మందు ఆదా, భుజానికి దెబ్బ తక్కువ. .50లో తుడవడం సులువు, గుండు బరువు కాబట్టి గాలికి కాస్త తక్కువ పక్కకు పోతుంది. నా ఓటు .45కే.

లాక్ మాత్రం మొదటి రైఫిల్‌కు క్యాప్‌దే. చెకుముకిలో ట్రిగ్గర్ నొక్కాక రాయి గీసుకోవాలి, పళ్లెంలో మందు అంటుకోవాలి, ఆ మంట చిన్న రంధ్రం గుండా లోపలికి పోవాలి. అంతసేపూ రైఫిల్ కదలకుండా పట్టుకునే అలవాటు ఎయిర్ రైఫిల్ వల్ల మీకు కొంత వచ్చే ఉంటుంది, కానీ కంటి ముందు మంట లేస్తే తల పక్కకు లాగేసే చెడ్డ అలవాటు పడితే మాన్పించడం కష్టం. లాకుల తేడా కళ్లతో చూడాలంటే సాలార్ జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీకి వెళ్లండి.

ఇంకో మాట, ఎవరూ ముందు చెప్పనిది. హాకెన్ అనే పాత అమెరికన్ తరహా రైఫిల్స్‌లో బ్యారెల్ వెనక కొక్కెం ఉంటుంది. ముందున్న చీల తీస్తే బ్యారెల్ మొత్తం ఊడివస్తుంది, బకెట్‌లో నిలబెట్టి కడుక్కోవచ్చు. పొడవాటి కెంటకీ తరహాలో బ్యారెల్ సన్న పిన్నులతో కట్టెకు బిగించి ఉంటుంది, ప్రతిసారీ ఊడదీయకూడదు. మన వానాకాలానికి హాకెనే సుఖం. కాకపోతే దాని వెనక పట్టీ నెలవంకలా వంగి ఉంటుంది. దాన్ని భుజం గుంటలో కాక, భుజానికి బయటివైపు, చేయి మొదలయ్యే చోట ఆనించాలి. గుంటలో పెడితే మొనలు గుచ్చుకుంటాయి.

పాత_లాకులు:
సెకండ్‌హ్యాండ్ అయితే చూడాల్సినవి చెబుతాను. అన్నిటికన్నా ముందు లోపల దట్టించి ఉందేమో. ర్యామ్‌రాడ్ (గుండు దట్టించే కడ్డీ) లోపలికి దించి మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి బ్యారెల్ పక్కన ఆనించండి. రాడ్ చివర నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న మొన) దాకా రాకుండా ఆగితే, లోపల ఏదో ఉందని అర్థం. దాన్ని గన్‌స్మిత్ దగ్గరే తీయించాలి.

తర్వాత హ్యామర్‌ను (క్యాప్ మీద కొట్టే సుత్తిని) సగం ఎత్తి ట్రిగ్గర్ నొక్కండి, పడకూడదు. పడితే దాన్ని సగంలో ఆపే నాచ్ (గాటు) అరిగింది, అది కొనకండి. హ్యామర్ నిపుల్ మీద సరిగ్గా మధ్యలో కూర్చోవాలి, పక్కకు కొడితే క్యాప్ ముక్కలు ఎగురుతాయి. మూతి అంచున చిన్న నొక్కు ఉన్నా గురి పోతుంది. బ్యారెల్ నడుమ వేలు నిమిరితే ఎక్కడైనా ఉబ్బు తగిలితే, గుండు మందు మీద కూర్చోకుండా పైన ఆగి ఉండగా ఎప్పుడో కాల్చారన్నమాట.

కూకట్‌పల్లి_గురి:
చాలా థాంక్సండీ. మందు ఎంత, గుడ్డ ఏది? మూడో నాలుగో గుండు లోపలికి దిగక ఇరుక్కుంటుందని విన్నాను, కారణం ఏమిటి?

సీసపు_గుండు:
.45కి ట్రిపుల్ ఎఫ్ (సన్న రవ్వ) బ్లాక్ పౌడర్ 40 గ్రెయిన్లతో మొదలుపెట్టండి, అంటే సుమారు 2.6 గ్రాములు. మీ రైఫిల్ తయారీదారు చెప్పిన గరిష్ఠం దాటకూడదు. ఆధునిక తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా వద్దు, బ్యారెల్ పేలుతుంది. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి పోయకండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే మంట డబ్బాదాకా వస్తుంది. కొలత గిన్నెలో పోసి, దాంతోనే వంచాలి.

గుడ్డ నూలుదే కావాలి. పరుపులు కుట్టేవాళ్లు వాడే చారల మందపాటి కాటన్ మన దగ్గర సులువుగా దొరుకుతుంది. ఉతికి గంజి పోగొట్టి, మైక్రోమీటర్‌తో 0.015 అంగుళం దగ్గర చూసుకోండి. పాలిస్టర్ కలిస్తే కరిగి గొట్టానికి అంటుకుంటుంది. తేనెమైనం ఒక వంతు, ఆలివ్ నూనె రెండు వంతులు కరిగించి రాయండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు వద్దు. బ్లాక్ పౌడర్ మసితో కలిసి తారులా గట్టిపడతాయి.

ఇరుక్కోవడానికి కారణం ఆ మసే. ప్రతి షాట్‌కూ కొంత పేరుకుంటుంది. షాట్ షాట్‌కూ మధ్య తడి గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి దించి తీస్తే గుండు ప్రతిసారీ ఒకే బిగువుతో దిగుతుంది. గుండు పూర్తిగా కూర్చున్నప్పుడు రాడ్ మీద మూతి దగ్గర గుర్తు గీసుకోండి. ఆ గుర్తు మూతికి రాకపోతే కాల్చకూడదు.

కాల్చాక టార్గెట్ వైపు కొన్ని మీటర్ల ముందు పడిన గుడ్డలు ఏరి చూడండి. నడుమ కాలి రంధ్రం పడితే గుడ్డ పలుచన. గాడుల దగ్గర కోసినట్టుంటే మూతి అంచు పదునుగా ఉంది. అన్నీ సరిగా ఉంటే నడుమ నల్లటి గుండ్రటి మచ్చ, చుట్టూ గాడుల గుర్తులు కనిపిస్తాయి.

పాత_లాకులు:
ఒకటి కలుపుతాను. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతిని టార్గెట్ వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి, ఆలస్యంగా అంటుకోవచ్చు. ఇంటికెళ్లాక కాదు, ఆ రోజే వేడినీళ్లు, కొంచెం సబ్బుతో కడిగి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి నూనె రాయండి. మర్నాడు ఒకసారి పొడి గుడ్డ దించితే ఎర్రగా వస్తుందేమో చూడండి. ఎర్రగా వస్తే తేమ మిగిలినట్టే, మళ్లీ కడగాలి.