బ్లోయర్ తిరగట్లేదు, మోటార్ మార్చాల్సిందేనా?

పాతబండి: పాత కారు. హీటర్ వేస్తే గాలే రావట్లేదు, ఏ స్పీడ్‌లోనూ. ఫ్యూజ్ బాగానే ఉంది. గాలి తోసే ఫ్యాన్‌ది, అదే బ్లోయర్ మోటార్ మీద స్క్రూడ్రైవర్ పిడితో కొడితే కాసేపు తిరిగి ఆగిపోతోంది. మెకానిక్ మీటర్ కూడా పెట్టకుండా మోటార్ మార్చమన్నాడు. నమ్మొచ్చా?

గ్యారేజీబాబాయ్: కొడితే తిరిగిందంటే మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయినట్టే. ఇందులో చర్చేముంది? మోటార్ మార్చండి, పనిలో పనిగా స్పీడ్ తగ్గించే రెసిస్టర్ కూడా.

టెస్ట్‌ల్యాంప్: రెసిస్టర్ దేనికి బాబాయ్? అది పోతే చాలా కార్లలో పైస్పీడ్ ఒక్కటైనా పనిచేస్తుంది, ఆ స్పీడ్‌లో కరెంటు రెసిస్టర్ గుండా పోదు కాబట్టి. ఇక్కడ అదీ లేదు.

పాతబండి: కనెక్టర్ ఊడదీసి ప్లస్ వైరుకీ బాడీకీ మధ్య చూశాను. 12.3 వోల్టులు.

గ్యారేజీబాబాయ్: ఇంకేం? కరెంటు వస్తోంది, మోటార్ తిరగట్లేదు. చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది.

చలిగాలి: మాకు ఫ్యాన్‌లో ఎండుటాకులు ఇరుక్కున్నాయండీ. అదీ చూడండి.

టెస్ట్‌ల్యాంప్: ఆ 12తో ఏమీ తేలలేదు. చాలా పాత కార్లలో ప్లస్ మోటార్‌కి తిన్నగా వస్తుంది, స్పీడ్ స్విచ్, రెసిస్టర్ ఎర్త్ వైపు, అంటే కరెంటు బాడీకి తిరిగెళ్లే మైనస్ దారిలో ఉంటాయి. మీ బండిదీ అలాంటి వైరింగేనా అని ముందు చూసుకోండి. అయితే గనక మీరు కొలిచింది సగం దారే. పైగా కనెక్టర్ ఊడదీస్తే లోడ్ ఉండదు, అంటే వైర్లో మోటార్ లాగే కరెంటు పారదు. ఒక్క పోగు మీద వేలాడే వైరైనా మీటర్‌లో 12 చూపిస్తుంది. కనెక్టర్ మళ్లీ పెట్టి, పైస్పీడ్‌లో ఉంచి, వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి మోటార్ మైనస్‌కీ బాడీకీ మధ్య చూడండి. ప్లస్‌లో 12 నిలబడి, ఇక్కడ సున్నా వస్తే బాబాయ్ గెలిచినట్టే. ఇక్కడా 12 వస్తే మోటార్ దాకా వచ్చిన కరెంటుకి బయటికి దారి లేదన్నమాట.

గ్యారేజీబాబాయ్: మరి కొడితే ఎందుకు తిరిగింది? అది చెప్పు ముందు.

టెస్ట్‌ల్యాంప్: కొట్టినప్పుడు కదిలేది బ్రష్ ఒక్కటేనా? పక్కనున్న వైర్లు కదలవా?

గ్యారేజీబాబాయ్: పుస్తకాలు చదివి నాకు చెప్పొస్తున్నావు. నువ్వు చెప్పినట్టే ఒకాయన బండికి ఎర్త్ గీకి పంపించాను. కొన్నాళ్లకే మోటార్ పోయింది. పదిమందిలో నన్ను దొంగ అన్నాడు. ఆ తిట్లు నువ్వొచ్చి తినలేదుగా! అన్నీ మార్చి పంపితే మళ్లీ నా గుమ్మం తొక్కరు.

టెస్ట్‌ల్యాంప్: అదీ సంగతి. మీ గొడవ మోటార్‌తో కాదు, తిరిగొచ్చే కస్టమర్‌తో. మీ మాట పోకూడదని బాగున్న మోటార్‌కి ఆయన డబ్బు కట్టాలా?

గ్యారేజీబాబాయ్: బాగుందని నువ్వు చూశావా?

పాతబండి: గొడవ పడకండి. మీరు చెప్పిన వైరింగే. మైనస్‌లో 11.9 వచ్చింది! ఆ దారే పట్టుకుని వెళ్తే స్విచ్ ఎర్త్ వైరు బ్లోయర్ పక్కనే బాడీకి బిగించి ఉంది. బోల్టు వదులు, చుట్టూ తుప్పు, వైరు చివర నల్లగా కమిలిపోయింది. రాపిడి కాగితంతో రుద్ది బిగించాను. కొట్టకుండానే తిరుగుతోంది.

టెస్ట్‌ల్యాంప్: బ్రష్ తెగి ఉంటే ఆ మైనస్‌లో 12 కనిపించేదే కాదు బాబాయ్.

గ్యారేజీబాబాయ్: సరే, కమిలింది ఎందుకు? బేరింగ్ బిగుసుకుని మోటార్ ఎక్కువ కరెంటు లాగితే వైర్లు అలాగే కాలతాయి. బోల్టు బిగించి చేతులు దులుపుకుంటే ఈసారి స్విచ్ కాలుతుంది.

టెస్ట్‌ల్యాంప్: వదులు బోల్టైనా అలాగే కాలుస్తుంది. అందుకే మార్చే ముందు ఆంప్స్ కొలవాలి.

పాతబండి: నా మీటర్‌లో 10 ఆంప్స్ అని ఉంది, దాంతో కొలవొచ్చా?

గ్యారేజీబాబాయ్: వద్దు. పైస్పీడ్‌లో 10 దాటి లాగడం మామూలే, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. వైరు తెంచకుండా చుట్టూ పట్టుకుని డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఎవరి దగ్గరైనా అడగండి. మీ మోడల్‌కి ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువొస్తే ఇక్కడే రాయండి, ఈయన కూడా చదవాలి.