ఊళ్లో పాత ఒంటిగది బడి బాగుచేయాలి, ఈ పని చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కందుకూరు కుర్రోడు:
అన్నలూ, మాది కందుకూరు పక్కన పల్లెటూరు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మమ్మల్ని నెల్లూరు జిల్లాలో కలిపారు, అంతకుముందు ప్రకాశం. మా ఊళ్లో జిల్లా బోర్డు కాలం నాటి బడి ఒకటుంది. ఒకటే గది, ముందు చిన్న వసారా, ఇటుక సున్నం గోడలు, పైన బెంగుళూరు పెంకులు. మా తాత, నాయన ఇద్దరూ అందులోనే పలక పట్టారు. కొత్త బిల్డింగు వచ్చాక అందులో ఎరువుల బస్తాలు వేసుకున్నారు. ఇప్పుడు ఊరోళ్లు చందాలేసుకుని లైబ్రరీ చేద్దామంటున్నారు. గోడలు కింద నుంచి పొడిపొడిగా రాలుతున్నాయి. మేస్త్రేమో అంతా గీకేసి సిమెంటు పూసేస్తే మళ్లీ చూడక్కర్లేదంటున్నాడు. నిజమేనా?

గూడూరు సున్నం పని:
సిమెంటు మాట ఎత్తొద్దు అబ్బయ్యా. ఆ గోడకి పునాది నుంచి తేమ ఎక్కుతానే ఉంటుంది, సున్నం పూత అయితే అది బయటికి ఆరిపోతుంది, సిమెంటు పూశారంటే దారి మూసుకుపోయి తేమ ఇంకా పైకి పాకి లోపల ఇటుక కుళ్లిపోతుంది. పైకి మాత్రం రెండేళ్లు నున్నగా కనిపిస్తుంది, ఆ తర్వాత పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. పైగా ఆ బస్తాల ఎరువు ఉప్పంతా గోడకి పట్టి ఉంటుంది. ముందు రాలే పూత తీసేసి, పొడి బ్రష్షుతో ఆ ఉప్పు దులిపి, గోడ బాగా ఆరనివ్వండి. సున్నం గుంటలో తడిపి కొన్ని వారాలు నాననివ్వాలి, ఒకటికి మూడు పాళ్ల ఇసుక, దొరికితే కొంచెం ఇటుక పొడి. పాతోళ్లు కరక్కాయ, బెల్లం నీళ్లు కూడా పోసేవాళ్లు. సున్నం తడిపేటప్పుడు బుసబుసా ఉడుకుద్ది, కళ్లకి అద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

వెంకటగిరి వాసి:
మరి పెంకుల సంగతి? పైనుంచి నీళ్లు కారుతుంటే కింద ఏం పూసినా దండగే కదా.

గూడూరు సున్నం పని:
అవును, పైకప్పే ముందు. మన దిక్కు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆలోపు పెంకులు సర్దేసుకోండి. సున్నం పని సంక్రాంతి దాటాక పెట్టుకుంటే మంచిది. ఎండలు ముదిరాక పూస్తే మాత్రం తడి గోనెసంచులు కట్టినా పగుళ్లు ఆగవు. చూరు నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా వాలుగా కాలవ తీయండి, సగం జబ్బు దాంతోనే పోతుంది.

ఒంగోలు ఇంజనీరు:
దూలాలు చూశారా? మధ్యలో గట్టిగానే ఉంటాయి, గోడలో దూరిన కొసలు చెదలు తినేసి ఉంటాయి. ఉలితో పొడిచి చూడండి, మెత్తగా దిగితే అక్కడ పుచ్చినట్టే. మొత్తం దూలం మార్చక్కర్లేదు, పాడైన కొస కోసి అదే జాతి కర్ర అతికి ఇనప పట్టీలు, బోల్టులు వేయొచ్చు. పెంకులు కొత్తవి కొనొద్దు, సైజు కలవదు. చుట్టుపక్కల పాత ఇళ్లు పడగొట్టే చోట్ల అడగండి.

పొదిలి టీచరమ్మ:
అందరూ సున్నం గురించే చెప్తున్నారు, నేను కాగితాల గురించి చెప్తాను. ఆ స్థలం పంచాయతీదా, విద్యాశాఖదా, సర్వే నెంబరు ఎవరి పేరు మీద ఉందో చూసుకోకుండా ఒక్క పెంకు కూడా కదపొద్దు. పంచాయతీ తీర్మానం రాయించి ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి ఇవ్వండి. మా వైపు ఒంటిగది బళ్లలో కొన్ని బాప్టిస్టు మిషన్ వాళ్లవి (అమెరికా మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాక పల్లెపల్లెకీ బడి పెట్టించిన కాలం నుంచీ ఉన్న వ్యవహారం అది), అలాంటివైతే ఆ మిషన్ సొసైటీని అడగాలి. మా పక్కూళ్లో అడగకుండా పని మొదలుపెడితే ఒకాయన స్థలం నాదంటూ కోర్టుకెళ్లాడు, ఇంతవరకూ తాళమే.

చీమకుర్తి రాజు:
నాదొక వ్యతిరేక మాట, తిట్టుకోవద్దు. ఇంత చాకిరీ ఎందుకు? 2019లో సర్కారు బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకం ఒంగోల్లోనే మొదలైంది, మా ఊరి బడికి కొత్త గదులు, ఫ్యాన్లు, బాత్రూములు అన్నీ వచ్చాయి. పిల్లలకి కావాల్సింది అవి. పెంకు జారి ఎవడి నెత్తినన్నా పడితే చందాలిచ్చినోళ్లు వస్తారా?

ఒంగోలు ఇంజనీరు:
రాజన్నా, ఇక్కడ కొత్త గదులు ఎవరూ కాదనట్లేదుగా, అవి వచ్చేశాయి. ఇది ఖాళీగా ఉన్న గది. పెంకుల కింద వల బిగిస్తే ఆ భయం కూడా తగ్గుతుంది.

పొదిలి టీచరమ్మ:
నల్లబల్ల గోడలోనే ఉంటే దాని మీద పెయింటు వేయనివ్వకండి. మా రోజుల్లో బొగ్గు, దొండాకు నూరి రుద్దేవాళ్లం. మార్కాపురం పలకలు కూడా నాలుగు పెట్టండి, పిల్లలు రాసుకుంటారు.

కందుకూరు కుర్రోడు:
అందరికీ దండాలు. సోమవారం సర్పంచిని కలిసి సర్వే నెంబరు తీయిస్తాం. మేస్త్రికి సిమెంటు వద్దని చెప్తే ముఖం మాడ్చుకున్నాడు, అది నేను చూసుకుంటా. ఇప్పుడు నా టెన్షనంతా సున్నం గురించే. కొట్లో దొరికే తెల్ల పొడి బస్తాలు పనికొస్తాయా, లేకపోతే పులికాట్ వైపు గుల్ల సున్నం ఇంకా ఎవరైనా కాలుస్తున్నారా? తెలిసినోళ్లు చెప్పండి.

గూడూరు సున్నం పని:
ఆ తెల్ల పొడి వెల్లవేయడానికి సరే, పూతకి కాదు. తడపని సున్నం గడ్డలే కావాలి. బట్టీ వాళ్లని అడిగి రేపు చెప్తా.