అరకు రైల్లోంచి ఫోటోలు: ముసురులో, అద్దం వెనక నుంచి ఎలా?

ప్రశ్న: వచ్చేవారం వైజాగ్ నుంచి అరకుకి విస్టాడోమ్ (పెద్ద కిటికీలు, అద్దాల పైకప్పు ఉండే) బోగీలో వెళ్తున్నాం. ముసురు పట్టేలా ఉంది. 18-55 లెన్స్, ఫోన్ ఉన్నాయి. లోయలు చెదరకుండా, అద్దంలో మన సీట్లే కనపడకుండా తీయడమెలా?

జవాబు 1: షట్టర్ 1/1000 సెకనుకి పెట్టి ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో వదిలేయండి, 3200 దాకా పోనివ్వండి. గ్రెయిన్ (ఫోటోలో సన్నటి చుక్కలు) వచ్చినా ఫర్వాలేదు, చెదిరిన ఫోటోని బాగుచేయలేం. ఆటోఫోకస్ అద్దం మీది చినుకుల్ని పట్టుకుంటుంది. దూరపు కొండ మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చేయండి. పట్టాల పక్క చెట్లు ఎలాగూ చెదిరిపోతాయి. ఫోన్ అయితే సొరంగం దాటగానే మొదటి ఫోటో తెల్లగా మండిపోతుంది, ఒక్క క్షణం ఆగి నొక్కండి.

జవాబు 2: లెన్స్ చుట్టూ నల్ల చున్నీ చుట్టి అద్దానికి ఆనించండి, లెన్స్ మాత్రం తగలకూడదు. తగిలితే రైలు వణుకంతా కెమెరాకే. సీపీఎల్ (ప్రతిబింబాలు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్) వద్దు, అసలే తక్కువున్న వెలుతురు సగానికి పైగా తినేస్తుంది. పైగా గట్టిపరిచిన అద్దం వెనక రంగురంగుల మచ్చలొస్తాయి.

జవాబు 3: బొర్రాలో దిగేముందే కెమెరాని జిప్ కవర్లో మూసేయండి. ఏసీలో చల్లబడ్డ లెన్స్‌కి బయటి తేమ తగిలితే ఆవిరి పట్టేస్తుంది. 20 నిమిషాలాగి తీయండి. చొక్కా అంచుతో తుడవడం మాత్రం వద్దండీ, జిడ్డు పరుచుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు: చున్నీ సరే, సీపీఎల్ ఇంట్లోనే.