ఓడిపోయినా మళ్లీ మళ్లీ ఎంపీకి నిలబడే ఉద్యమకారులతో పనిచేశారా? మీ అనుభవాలు చెప్పండి

కాలవగట్టు
మా దగ్గర భూసేకరణ మీద ఏళ్లుగా కొట్లాడుతున్న అక్క ఒకావిడ ఉన్నారు. ప్రతి లోక్‌సభ ఎన్నికకీ ఇండిపెండెంట్‌గా నిలబడతారు, ప్రతిసారీ డిపాజిట్ పోతుంది. 2029లోనూ నిలబడతానంటున్నారు. మాలో సగం మంది వద్దంటున్నారు, కావాలంటే జడ్పీటీసీకి నిలబడండి, గెలిపిస్తాం అంటున్నారు. ఆవిడేమో 2013 భూసేకరణ చట్టం చేసింది పార్లమెంటే కదా, దాన్ని కాపాడుకోవాలన్నా అక్కడే మాట్లాడాలి అంటారు. ఆవిడ మాటలో న్యాయం ఉందనే నాకూ అనిపిస్తుంది, కానీ ఇదే పద్ధతిలో ఇంకోసారి వెళ్తే ఫలితమూ ఇదే వస్తుందని టెన్షన్. ఇలాంటి ప్రచారాల్లో తిరిగినవాళ్లు చెప్పండి, ఏం మార్చాలి?

ఏజెంట్‌గా కూర్చున్నా
ముందు ఫారం 20 చూశారా? ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది, ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. మేము ఒక అన్న కోసం పనిచేశాం, ఆయనకి పడ్డ మొత్తం ఓట్లు చూసి అందరం నీరుగారిపోయాం, తర్వాత బూత్‌ల వారీగా చూస్తే పోరాటం జరిగిన ఊళ్లలో పెద్ద పార్టీలతో సమానంగా ఓట్లు పడ్డాయి. పక్క నియోజకవర్గాల్లో మాత్రం వరసగా సున్నాలు, ఒకట్లు. మన దగ్గర లోక్‌సభ సీటంటే ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, ఉద్యమం ఉండేది రెండు మండలాల్లో. జనం కాదన్నారని మేము అనుకున్నాం, నిజానికి మిగతా ఐదారు నియోజకవర్గాల్లో ఆయనెవరో కూడా తెలీదు. ఈ రెండూ ఒకటి కాదు.

రెండో యూనిట్
గుర్తు గురించి ఎవరూ మాట్లాడరు, నా దృష్టిలో ఓట్లు పోయేది అక్కడే. ఇండిపెండెంట్‌కి సొంత గుర్తు ఉండదు. నామినేషన్‌లో మూడు ఫ్రీ సింబల్స్ (ఏ పార్టీకీ కేటాయించని గుర్తులు) అడుగుతాం, విత్‌డ్రాల గడువు అయ్యాక ఏదో ఒకటి ఇస్తారు, అక్కణ్ణుంచి పోలింగ్‌కి రెండు వారాలే చేతిలో ఉండొచ్చు. పోయినసారి ఊరూరా గోడల మీద రాసుకున్న గుర్తు ఈసారి ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఒక ముసలాయన నేను మీకే వేశానమ్మా అని సంతోషంగా చెప్పాడు, ఏ గుర్తుకి వేశారు అని అడిగితే పాత గుర్తు పేరు చెప్పాడు. ఆ రోజు మా మేడమ్ అన్నం తినలేదు.

ఇంకోటి, ఈవీఎంలో గుర్తింపు పొందిన పార్టీలు పైన, తర్వాత రిజిస్టర్డ్ పార్టీలు, చివర్లో ఇండిపెండెంట్లు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 బటన్లే కాబట్టి పోటీదారులు ఎక్కువైతే మనవాళ్ల పేరు రెండో యూనిట్‌కి పోతుంది, మొదటి దాంట్లో వెతికి కనబడక ఏదో ఒకటి నొక్కి వచ్చేసేవాళ్లు చాలామంది. డమ్మీ యూనిట్ పెట్టి ఇంటింటికీ చూపించడం మాకు ఉపన్యాసాలకంటే ఎక్కువ పనికొచ్చింది.

కేసుల ఫైలు
ఉద్యమంలో ఉన్నవాళ్ల అసలు ఇబ్బంది అఫిడవిట్ దగ్గర మొదలవుతుంది. రాస్తారోకో, ధర్నా, 144 ఉల్లంఘన అంటూ ఏ స్టేషన్లో ఏ కేసు ఉందో వాళ్లకే గుర్తుండదు. పెండింగ్ కేసులన్నీ ఆ అఫిడవిట్‌లో, అంటే ఫారం 26లో రాయాలి, పైగా 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత వాటిని పత్రికల్లో, టీవీల్లో మూడుసార్లు ప్రకటించాలి. డబ్బు అభ్యర్థిదే. ప్రజల కోసం రోడ్డు మీద కూర్చున్నందుకు పెట్టిన కేసుని నేర చరిత్ర అని సొంత డబ్బుతో అచ్చేయించుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు, అయినా చేసి తీరాలి. ఎన్నికల ఏడాది కాదు, ఇప్పుడే లాయరుతో కూర్చుని స్టేషన్ల వారీగా జాబితా రాయించుకోండి. ఏ కాలమ్‌నీ ఖాళీగా వదలొద్దు, లేకపోతే ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయండి.

నామినేషన్‌కి కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి లెక్కలు ఇవ్వాలి. ఓడిపోయాం కదా అని దీన్ని వదిలేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 10ఎ కింద మూడేళ్లు పోటీకే అనర్హులవుతారు. మళ్లీ మళ్లీ నిలబడే మనిషికి ఓటమికంటే ఇదే పెద్ద దెబ్బ.

నల్లరేగడి
అసలు గెలవడానికే నిలబడాలా? 1996లో నల్లగొండ లోక్‌సభకి 480 మంది పోటీ చేశారు, అందులో చాలామంది ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నామినేషన్ వేసినవాళ్లే. బ్యాలెట్‌ని పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. ఆ ఏడాదే చట్టం మార్చి జనరల్ డిపాజిట్ 500 నుంచి 10,000 చేశారు, ఇండిపెండెంట్‌కి నామినేషన్ మీద పదిమంది ప్రతిపాదకుల సంతకాలు ఉండాలన్నారు. ఇప్పుడు డిపాజిట్ 25,000, ఎస్సీ ఎస్టీలకి అందులో సగం. 2019లో నిజామాబాద్‌లో 178 మంది రైతులు పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కోసం నిలబడ్డారు, ఒక్కో కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. పసుపు బోర్డు 2023లో ప్రకటించారు, 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. ఎవరూ గెలవలేదు, అయినా ఆ పోటీ వృథా అంటే నేను ఒప్పుకోను.

ఏజెంట్‌గా కూర్చున్నా
@నల్లరేగడి ఒప్పుకుంటాను, కానీ వందల మంది ఒకేసారి నిలబడి దేశాన్ని చూసేలా చేయడం వేరు, ఒక్క మనిషి ఒంటరిగా ప్రతి ఐదేళ్లకీ నిలబడటం వేరు. రెండోదానికి మధ్యలో ఏదో ఒక నిర్మాణం పెరగాలి.

నీలిజెండా
దానికి మంచి ఉదాహరణ బీఎస్పీ పెట్టిన కాన్షీరాం. 1984లో జాంజ్‌గిర్‌లో ఓడారు, 1988లో అలహాబాద్ ఉప ఎన్నికలో వీపీ సింగ్ మీద ఓడారు, 1991లో ఇటావా నుంచి గెలిచారు. మాయావతి గారు కైరానా, బిజ్నోర్, హరిద్వార్‌లలో ఓడి 1989లో బిజ్నోర్ నుంచే లోక్‌సభకి వెళ్లారు. తమిళనాడులో వీసీకే పార్టీ నాయకుడు తిరుమావళవన్ చిదంబరంలో 1999, 2004లో రెండో స్థానంలో ఆగిపోయారు, 2009లో గెలిచారు, 2014లో మళ్లీ ఓడారు, 2019లో కేవలం 3,219 ఓట్లతో గెలిచారు. అయితే వీళ్లలో ఎవరూ ఒంటరిగా నిలబడలేదు. ఎన్నికకీ ఎన్నికకీ మధ్య ఊళ్లలో మనుషుల్ని కూడగట్టారు, తర్వాత పొత్తులు కూడా కలిసొచ్చాయి. మీ అక్కగారికి పొత్తు అనే మాటంటే చిరాకైతే ఆ సంగతి ఇప్పుడే తేల్చుకోండి.

కాలవగట్టు
అందరికీ థ్యాంక్స్ అండి. పొత్తు మాటెత్తితే నిజంగానే కోప్పడతారు, ఈసారి కూర్చోబెట్టి మాట్లాడతాం. కేసుల జాబితా పని రేపే మొదలుపెడుతున్నాం. పోలింగ్ రోజు బూత్‌లో మన తరఫున కూర్చునే ఏజెంట్ల సంగతి చెప్పండి, దాదాపు రెండు వేల పోలింగ్ కేంద్రాలకి మనుషులు ఎక్కడ దొరుకుతారు?

ఇంటిమనిషి
దొరకరు. మా ఆయన పోటీ చేసినప్పుడు మాకూ దొరకలేదు. బలం ఉన్న ఊళ్లలో మాత్రం ఎవరో ఒకరు తప్పకుండా కూర్చోవాలి, మిగతావి వదిలేయండి. ఒకమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆవిడ ఇల్లు గడవడానికి ఎవరు చూస్తున్నారు? ప్రచారానికి చందాలు వస్తాయి, మరుసటి నెల ఇంటి అద్దెకి ఎవరూ ఇవ్వరు. పోటీ చేయమని కోరేవాళ్లు ఆ నెలల సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి.

ఏజెంట్‌గా కూర్చున్నా
ఇంటిమనిషి గారు చెప్పింది ముందు చూడండి. ఏజెంట్ల విషయానికొస్తే, బలం ఉన్న ఊళ్లేవో ఫారం 20లోనే తెలుస్తుంది, కానీ అది చాలాచోట్ల స్కాన్ కాపీగానే ఉంటుంది, ఎవరో ఒకరు కూర్చుని ఎక్సెల్‌లో ఎక్కించాలి. బూత్ నంబరు పక్కన ఊరి పేరు తప్పకుండా రాయండి, ఎందుకంటే వచ్చే ఎన్నికకి బూత్ నంబర్లు మారొచ్చు. ముందు ఒక్క అసెంబ్లీ నియోజకవర్గంది ఇక్కడ పెట్టండి, చూద్దాం.