ఒక ఇంజన్ ఆగితే ముందున్న ముంబైకి రాకుండా వెనక్కి మస్కట్‌కు ఎందుకు వెళ్లారు?

సిద్ధవటం నుంచి, కువైట్ ఉద్యోగి చెల్లెలు

మా అన్నయ్య పదకొండేళ్లుగా కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నాడు. మాది కడప జిల్లా సిద్ధవటం. గత నెల సెలవు మీద చెన్నై విమానం ఎక్కాడు. మస్కట్ దాటి సముద్రం మీదికి వచ్చిన ఇరవై నిమిషాలకు ఎడమ రెక్క వైపు నుంచి వణుకు మొదలైందట. కాసేపటికి ఆ వైపు శబ్దం తగ్గిపోయింది. విమానం నెమ్మదిగా కిందికి దిగుతున్నట్టు తెలుస్తూనే ఉందట. ఆ తర్వాత పైలట్ ఒక ఇంజన్ ఆపామనీ, మస్కట్‌లో దిగుతున్నామనీ ప్రకటించాడు. దిగాక పద్నాలుగు గంటలు కూర్చోబెట్టారు. ఏమైందో చెప్పేవాళ్లే లేరు.

రెండో ఇంజన్ బాగానే పనిచేస్తున్నప్పుడు మన దేశం వైపే రావచ్చు కదా? పక్క సీటులో ఉన్నాయన, ఈ విమానాలకు మరమ్మతులు వేరే దేశాల్లో చవకగా చేయిస్తారు, అందుకే ఇలా అవుతుంది అన్నాడట. అది నిజమేనా? ఈ నెల 19న అన్నయ్య తిరుగు ప్రయాణం. అమ్మ అతని పాస్‌పోర్టు తీసి బియ్యం డబ్బాలో దాచింది. ఆమెకు ఏం చెప్పాలో తెలియక అడుగుతున్నాను.

కర్నూలు నుంచి, విశ్రాంత విమాన ఇంజనీరు

అమ్మా, ముప్పై ఒక్క ఏళ్లు హ్యాంగర్లలో, అంటే విమానాలు బాగుచేసే షెడ్లలో పనిచేసి ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. మీ అన్నయ్య ఎక్కిన విమానాన్ని నడిపిన ఇద్దరూ సరైన పని చేశారు. మీ అమ్మగారికి ముందు ఈ మాట చదివి వినిపించండి.

పైలట్ ఇంజన్ 'ఆపాము' అన్నాడని రాశారు, 'ఆగిపోయింది' అనలేదు. ఆయిల్ ఒత్తిడి పడిపోయినా, కంపనం హద్దు దాటినా, ఇంజన్ ఇంకా తిరుగుతూ ఉండగానే దాన్ని ఆపేస్తారు. అలాగే నడిపితే లోపలి భాగాలు విరిగి, ఒక ఇంజన్‌తో పోయే నష్టం రెక్కకు పాకవచ్చు. 2010 నవంబరు 4న సింగపూర్‌లో ఎగిరిన క్వాంటాస్ ఎ380 విమానంలో ఒక చిన్న ఆయిల్ గొట్టంలోని లోపం వల్ల మంట పుట్టి, ఇంజన్ లోపల తిరిగే టర్బైన్ చక్రం పగిలి, ముక్కలు రెక్కను చీల్చుకుంటూ పోయాయి. లోపల ఉన్న 469 మందీ క్షేమంగా సింగపూర్‌లోనే దిగారు. అంత దూరం పోకుండా, వణుకు దశలోనే మీ అన్నయ్య పైలట్లు ఇంజన్ ఆపేశారు.

విమానం కిందికి దిగడం కూడా భయపడాల్సిన విషయం కాదు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తును నిలుపుకోవడానికి ఒక్క ఇంజన్ బలం చాలదు. అందుకని పాతిక వేల అడుగులకో, బరువును బట్టి ఇంకా కిందికో నెమ్మదిగా దించుకుని అక్కడి నుంచి స్థిరంగా ఎగురుతారు. ఆ ఎత్తు ఎంతో బయలుదేరే ముందే లెక్క కట్టి ఉంటుంది.

ఇక దూరం. మస్కట్ నుంచి ముంబైకి సముద్రం మీదుగా సుమారు 1,600 కిలోమీటర్లు. ఇరవై నిమిషాల ప్రయాణం అంటే మస్కట్ వెనక మూడు వందల కిలోమీటర్లలోపే ఉంది. ముందుకు వస్తే పదమూడు వందలు, అదీ తగ్గిన వేగంతో, ఒక్క ఇంజన్ మీద, కింద అంతా నీళ్లే. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి పోతే, తక్కువ సమయంలో చేరగల అనుకూలమైన విమానాశ్రయంలో దిగాలన్నది నియమం. స్వదేశమా, పరదేశమా, కంపెనీకి అక్కడ ఆఫీసు ఉందా అన్న ప్రశ్నలు ఆ తర్వాతే. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 777 విమానం ఇంజన్ ఇబ్బందితో రష్యాలోని మగదాన్‌లో దిగింది. అందులోని 216 మంది ప్రయాణికుల కోసం ఇక్కడి నుంచి మరో విమానం వెళ్లాల్సి వచ్చింది. ఎంత కష్టమైనా దిగడమే సరైనది.

'అనుకూలమైన' అన్న మాటను కూడా గమనించండి. మా కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం రన్‌వే రెండు వేల మీటర్లు, ఏటీఆర్ వంటి చిన్న విమానాలకు హాయిగా సరిపోతుంది. కర్నూలు మీదుగా పోయే పెద్ద విమానానికి ఇబ్బంది వస్తే మాత్రం పైలట్ చూపు 4,260 మీటర్ల రన్‌వే ఉన్న శంషాబాద్ వైపు పోతుంది. పెద్ద అగ్నిమాపక బలగం, వాతావరణం, ఆ గంటలో సిబ్బంది ఉండటం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

ఆ పద్నాలుగు గంటల మౌనాన్ని మాత్రం నేను సమర్థించను. పైలట్ చేసిన మంచి పనిని నేల మీది సిబ్బంది పాడుచేశారు. ఒక మనిషి వచ్చి పది నిమిషాలు నిలబడి ఇదే చెప్పి ఉంటే మీ అమ్మగారు పాస్‌పోర్టు దాచేవారు కాదు.

అనంతపురం నుంచి

సార్, ఒక సందేహం. 2005లో లాస్ ఏంజెలెస్‌లో ఎగిరిన కాసేపటికే ఒక ఇంజన్ పోయినా బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం అట్లాంటిక్ దాటి వచ్చిందని చదివాను. మరి దానికి ఈ నియమం లేదా? మరమ్మతుల సంగతి మీరు చెప్పలేదు. మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్. తన చేతి కింద బాగుపడిన బస్సు గురించి ఎవరు ఎప్పుడు అడిగినా ఆయన జవాబు చెప్పగలరు. పరాయి దేశంలో బాగుచేస్తే అడిగేది ఎవరిని?

కర్నూలు నుంచి, విశ్రాంత విమాన ఇంజనీరు

అది నాలుగు ఇంజన్ల 747. ఇంకా మూడు మిగిలాయి కాబట్టి ప్రయాణం కొనసాగించే వీలు నియమాల్లో ఉంది. అయినా లండన్ చేరలేదు, ఇంధనం లెక్క చూసుకుని మాంచెస్టర్‌లో దిగింది. ఆ నిర్ణయం మీద పెద్ద వాదనే నడిచింది. నేనైతే వెనక్కి తిరిగేవాణ్ణి.

మీ నాన్నగారి ప్రశ్న అసలైన ప్రశ్న. రోజువారీ తనిఖీలు విమానం ఆగిన చోటే జరుగుతాయి. నెలల తరబడి విప్పి చేసే పెద్ద పనులు మన దగ్గర శంషాబాద్, నాగ్‌పూర్, హోసూరు వంటి చోట్ల జరుగుతున్నాయి. ఇంజన్లను విప్పి బాగుచేసే పని ఎక్కువగా బయటి దేశాలకే పోతూ వచ్చింది. ఇక్కడ మరమ్మతు సేవల మీద జీఎస్టీ 18 శాతం ఉండేది, 2020లో 5 శాతానికి తగ్గించాక పరిస్థితి మారడం మొదలైంది. లీప్ అనే రకం విమాన ఇంజన్ల కోసం ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ 2025లో శంషాబాద్‌లో కేంద్రం తెరిచింది. మన పిల్లలకు ఆ పని దొరుకుతున్నందుకు నాకు చాలా సంతోషం. అయితే ఇక్కడ చేస్తే భద్రం, అక్కడ చేస్తే ప్రమాదం అన్న మాట ఒప్పుకోను. విదేశీ కేంద్రానికైనా మన విమానాన్ని ముట్టుకోవాలంటే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉండాలి.

2001 ఆగస్టులో ఎయిర్ ట్రాన్సాట్ ఎ330 ఒకటి అట్లాంటిక్ మధ్యలో ఇంధనం అంతా కారిపోయి, రెండు ఇంజన్లూ ఆగి, 306 మందితో సుమారు పంతొమ్మిది నిమిషాలు గాలిలో తేలుతూ అజోర్స్ దీవుల్లో దిగింది. కొద్ది రోజుల ముందు ఇంజన్ మార్చినప్పుడు సరిపడని భాగం బిగించారు. రెండు గొట్టాలు ఒరుసుకుని ఇంధన గొట్టం పగిలింది. ఆ పని జరిగింది కెనడాలో, ఆ సంస్థ సొంత మనుషుల చేతుల్లో. సరైన భాగం కాదని పని చేసేవాడికే అనుమానం వచ్చింది. విమానం ఆలస్యమవుతుందన్న ఒత్తిడిలో ఆ అనుమానం మరుగున పడింది.

మా హ్యాంగరులో ప్రతి పనిముట్టుకూ పలక మీద దాని ఆకారం గీసి ఉండేది. ఒక తెల్లవారుజామున పది నంబరు స్పానర్ చోటు ఖాళీగా కనబడింది. ప్రయాణికులు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. మేనేజర్ మూడుసార్లు ఫోను చేశాడు. విమానం విడుదల కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. రెండు గంటల తర్వాత అది కుడి ఇంజన్ మూత లోపల, ఒక గొట్టం వెనక దొరికింది. అడిగేది ఎవరిని అన్నారు కదా. ఆ కాగితం మీద పేరూ, లైసెన్సు నంబరూ ఉంటాయి, ఏ దేశంలోనైనా. సంతకం పెట్టనన్న మనిషికి అండగా నిలిచే సంస్థా కాదా అన్నదే నేను చూసేది.

సిద్ధవటం నుంచి, కువైట్ ఉద్యోగి చెల్లెలు

సార్, రాత్రి భోజనాలయ్యాక అమ్మకు మొత్తం చదివి వినిపించాను. స్పానర్ సంగతి రెండోసారి చదవమంది. ఆ కాగితం మీద సంతకం పెట్టేవాళ్లకు ఆడపిల్లలు కూడా ఉంటారా అని అడిగింది, ఎందుకో తెలియదు. పాస్‌పోర్టు ఇంకా డబ్బాలోనే ఉంది. కానీ 18వ తేదీ రాత్రి చెన్నై బస్సుకు మూడు టికెట్లు తీయమంది. విమానాశ్రయం దాకా తనూ వస్తుందట.

కర్నూలు నుంచి, విశ్రాంత విమాన ఇంజనీరు

ఉంటారమ్మా. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలోనే నలుగురు ఉన్నారు. అమ్మగారికి చెప్పండి.