క్లాసిక్ 350కి తేలికపాటి చక్రాలు వేయిస్తే ఫలితం ఉంటుందా?

నమస్కారమండీ. నాది 2022 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. స్పోక్ చక్రాలు, ముందు 19, వెనక 18 అంగుళాలు, ట్యూబ్ టైర్లు. ఉండేది విశాఖలో. సెలవు దొరికితే మా ఆవిడతో అరకు ఘాట్ ఎక్కుతుంటాను.

195 కిలోల బండికి చక్రాల్లో రెండు మూడు కిలోలు తగ్గితే ఏమవుతుందని మా మెకానిక్ అన్న కొట్టిపారేస్తున్నాడు. కానీ చక్రం బరువు, ట్యాంకు బరువు ఒకటి కాదు కదా. చక్రం తిరగాలి, పైగా సస్పెన్షన్ కింద ఉంటుంది. గతుకు మీద ఎగిరిన చక్రం ఎంత త్వరగా కిందికి దిగితే టైరుకు అంత పట్టు. అందులోనూ రిమ్ము దగ్గర తగ్గిన బరువుకే విలువెక్కువ, చక్రం మధ్యలోని హబ్ దగ్గర తగ్గితే పెద్దగా తెలియదు.

అల్లాయ్ అనగానే తేలికనుకుంటాం గానీ, కాస్ట్ అల్లాయ్‌లు (లోహాన్ని కరిగించి అచ్చులో పోసినవి) కొన్ని స్పోక్ చక్రాల కంటే బరువే ఉంటాయి. నిజంగా తేలికైన ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా నొక్కి తయారుచేసిన) చక్రాల ధర వింటే గుండె ఝల్లుమంటోంది. ట్యూబ్‌లెస్ వేసుకోవచ్చన్నది మాత్రం నాకు చాలా పెద్ద లాభం. ఘాట్ మధ్యలో పంక్చరైతే ఇప్పుడు చక్రం ఊడదీయాల్సిందే.

మార్చినవాళ్లు దయచేసి చెప్పండి. పాతవీ కొత్తవీ టైర్లు లేకుండా తూకం వేసి చూశారా? మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు తేడా తెలిసిందా? గుంతల్లో రిమ్ము వంగడం, పగుళ్లివ్వడం లాంటివి జరిగాయా? లేక అదే డబ్బు మంచి టైర్లకీ, వెనక షాకబ్జార్బర్లకీ పెడితే ఎక్కువ మేలా?